కాపురానికి ఇప్పుడు కారణం కావాలి

ఒకప్పుడు విడిపోయే దారి లేదు కాబట్టి కలిసి ఉన్నారు. ఇప్పుడు దారి ఉంది. కాబట్టి కలిసి ఉండటానికి గౌరవమో, ప్రేమో, కనీసం నిజాయతీయో కావాల్సి వస్తోంది. విడాకులు పెరుగుతున్నాయని కంగారు పడేముందు ఇన్నాళ్లూ అవి ఎందుకు లేవో ఒకసారి ఆలోచించాలి.

విడాకుల అర్జీకి జతచేసే కాగితాల్లో ముందుండేది పెళ్లి శుభలేఖ. దాని వెనకే పెళ్లి ఫొటో. జీలకర్ర బెల్లం పెడుతున్నదో, తలంబ్రాలు పోసుకుంటున్నదో ఉంటుంది. ఆధార్ నకళ్లు, చిరునామా రుజువులు ఆ తర్వాత. ఇద్దరూ ఒప్పుకుని విడిపోతుంటే ఒప్పంద పత్రం కూడా ఉంటుంది. బంగారం ఎన్ని తులాలు, సారెలో పెట్టిన బీరువా, మంచం, వెండి సామాను ఎవరికి, ఇద్దరి పేరునా కొన్న ఫ్లాటుకు మిగిలిన బ్యాంకు వాయిదాలు ఎవరు కట్టాలి అన్నవి అందులో వరసగా రాసుకుంటారు. పిల్లలుంటే ఇంకో పేరా. ఏ వారం ఎవరి దగ్గర, దసరా సెలవులు ఎవరితో, స్కూలు ఫీజు ఎవరిది.

రెండు కుటుంబాలు నెలల తరబడి ముహూర్తాలు చూసి, చుట్టపక్కాలందర్నీ పిలిచి, ఉన్నదంతా ఊడ్చి చేసిన పెళ్లి అలా నాలుగైదు పేజీలకు వచ్చేస్తుంది. హైదరాబాద్ పురానీ హవేలీలోనైనా, ఎల్బీనగర్‌లోనైనా, విజయవాడలోనైనా, విశాఖలోనైనా కుటుంబ న్యాయస్థానం వరండాలో ఓ పూట కూర్చుంటే ఇలాంటి కాగితాల కట్టలు పట్టుకున్న జంటలు కనిపిస్తాయి. చాలామందికి ముప్పై దాటి ఉండవు. వెనకాల బెంచీ మీద తల్లిదండ్రులు. వాళ్ల నోట తరచూ వచ్చే మాట ఒకటే: "మా రోజుల్లో ఇవన్నీ ఉన్నాయా?"

ఆ ప్రశ్నను తీసిపారేయకూడదు. అందులో బాధ ఉంది. దానికి నిజమైన జవాబు చెప్పుకోవాలి.

ఆ రోజుల్లో ఏముండేది?

విడాకులు లేకపోవడం నిజమే. విరిగిన పెళ్లిళ్లు మాత్రం లేకపోలేదు. "వాళ్లమ్మాయి ఇక్కడే ఉంటోంది" అని గొంతు తగ్గించి చెప్పుకునే ఇల్లు ప్రతి ఊళ్లోనూ ఉండేది. సంక్రాంతికి పుట్టింటికొచ్చిన పిల్లను తీసుకెళ్లడానికి అల్లుడు రాడు. ఉగాదికి వస్తాడన్నారు, రాడు. ఆ తర్వాత అడగడం మానేస్తారు. ఆ అమ్మాయి అన్నదమ్ముల పిల్లల్ని పెంచుతూ, వదినల మాటలు పడుతూ, మెళ్లో పుస్తెలతోనే ముసలిదైపోతుంది. భరణం లేదు, ఆస్తి లేదు, మరో పెళ్లి మాట ఎత్తే ధైర్యం ఎవరికీ లేదు. అయినా ఎవరి లెక్కలోనూ అది చెడిపోయిన పెళ్లి కాదు. ఆ మగవాడికి మాత్రం ఏ ఇబ్బందీ ఉండేది కాదు. చట్టం నిషేధించేదాకా ఒక భార్య ఉండగా ఇంకొకామెను చేసుకోవడం హిందూ మగవాడికి నేరం కాదు.

అందరి కథా ఇదే అనలేం. రెక్కాడితే గానీ డొక్కాడని చాలా కులాల్లో కులపెద్దల ముందు తెగతెంపులు చేసుకునే ఆచారం ఉండేది. ఆ తర్వాత ఆడమనిషి మారుమనువు చేసుకుని మరో కాపురం పెట్టుకునేది. ఆచారం ప్రకారం జరిగే ఇలాంటి విడాకుల్ని హిందూ వివాహ చట్టం 29వ సెక్షన్ ఇప్పటికీ గుర్తిస్తోంది. విడాకులు పడమటి నుంచి దిగుమతైన జబ్బు అనేవాళ్లు ఈ సంగతి గుర్తుంచుకోవాలి. దారి మూసుకుపోయింది ముఖ్యంగా పరువును ఆడపిల్ల మెడకు కట్టిన ఇళ్లలో.

చట్టం ఆ దారిని మెల్లగా తెరిచింది. కోస్తా, రాయలసీమ జిల్లాలు భాగంగా ఉన్న అప్పటి మద్రాసు రాష్ట్రం 1949లోనే రెండో పెళ్లిని నిషేధిస్తూ, హిందువులకు విడాకుల హక్కునిస్తూ చట్టం చేసింది. 1955లో హిందూ వివాహ చట్టం వచ్చింది. 1976 సవరణతో క్రూరత్వం విడాకులకు కారణంగా చేరింది, పరస్పర అంగీకారంతో విడిపోయే వీలూ కలిగింది. అంటే భర్త పెట్టే హింసను కారణంగా చూపి హిందూ స్త్రీ ఈ చట్టం కింద విడాకులు అడగగలిగి ఇంకా యాభై ఏళ్లే.

ఇక అంకెలు చూద్దాం. 2011 జనాభా లెక్కల్లో విడాకులు తీసుకున్నామని చెప్పినవాళ్లు దేశం మొత్తం మీద 13.6 లక్షలు. విడాకులు లేకుండా విడిగా బతుకుతున్నామన్నవాళ్లు 35 లక్షలకు పైనే. విడాకులు తీసుకున్న ఒక్కొక్కరికీ తీసుకోకుండానే విడిపోయినవాళ్లు ఇద్దరికి మించి ఉన్నారు. ఇంకో సంగతి. విడాకులైన మగవాళ్లు నాలుగున్నర లక్షలైతే ఆడవాళ్లు తొమ్మిది లక్షలు. ప్రతి విడాకుల వెనకా ఒక మగ, ఒక ఆడ ఉన్నప్పుడు ఇంత తేడా ఎక్కడిది? మగవాళ్లలో ఎక్కువమంది మళ్లీ పెళ్లి చేసుకుని ఆ లెక్కలోంచి బయటపడ్డారు. ఆడవాళ్లు అందులోనే ఉండిపోయారు. విడాకుల వల్ల సమాజం పాడవుతోందని బాధపడేవాళ్లు ముందు ఈ తేడా గురించి బాధపడాలి.

రాజమండ్రి అమ్మాయి చూపిన దారి

1909లో రాజమండ్రిలో పుట్టిన దుర్గాబాయికి ఎనిమిదో ఏటే పెళ్లి చేశారు. పెద్దయ్యాక, ఈ బంధం తనకు తగదని, తన దారి వేరని ఆ భర్తకే చెప్పి విడిపోయింది. ఇంట్లోవాళ్లు ఆమెకు అండగా నిలిచారు. ఆయన మరో పెళ్లి చేసుకున్నాడు. ఆ తర్వాత కాలంలో ఆయన పోయి, ఆ రెండో భార్య దిక్కులేనిదైతే, ఆమె తన కాళ్లమీద నిలబడేలా సాయం చేసింది కూడా దుర్గాబాయే.

ఆ దుర్గాబాయే ఆంధ్ర మహిళా సభను స్థాపించారు, రాజ్యాంగ సభలో కూర్చున్నారు, 1953లో అప్పటి కేంద్ర ఆర్థికమంత్రి చింతామణ్ దేశ్‌ముఖ్‌ను పెళ్లాడారు. అదే ఏడాది చైనా వెళ్లి అక్కడి కుటుంబ న్యాయస్థానాలను చూసి, మనకూ అలాంటివి కావాలని నెహ్రూ ముందు, పెద్ద న్యాయమూర్తుల ముందు వాదించారు. కుటుంబ న్యాయస్థానాల చట్టం 1984లో వచ్చేనాటికి ఆమె లేరు. ఇవాళ మనవాళ్లు తలదించుకుని కూర్చునే ఆ వరండా వెనక ఒక తెలుగు మహిళ ఆలోచన ఉంది. భార్యాభర్తల గొడవను దొంగతనం కేసులాగా, పొలం గట్టు తగాదాలాగా విచారించకూడదన్నది ఆ ఆలోచన. ఆమె బతుకు చెప్పేది ఇంకొకటి ఉంది. పగ లేకుండా, ఎదుటి మనిషి మేలు కోరుతూ కూడా విడిపోవచ్చు.

పెళ్లి పాతది, కాపురం కొత్తది

మరి విడాకులు ఇప్పుడే ఎందుకు పెరుగుతున్నాయి? నా మటుకు నాకు కనిపించే పెద్ద కారణం ఒకటే. పెళ్లి కుదిర్చే పద్ధతి మారలేదు, కాపురం చేసే పద్ధతి పూర్తిగా మారిపోయింది.

సంబంధం చూసేటప్పుడు ఏం అడుగుతున్నాం? కులం, శాఖ, నక్షత్రం, ప్యాకేజీ, వీసా, ఊళ్లో పొలం, నగరంలో ఫ్లాటు. 1961లోనే నిషేధించిన కట్నాన్ని 'లాంఛనాలు' అని పేరు మార్చి మాట్లాడుకుంటున్నాం. అబ్బాయి అమెరికా నుంచి పదిహేను రోజుల సెలవు మీద వస్తే అందులోనే పెళ్లిచూపులు, నిశ్చితార్థం, పెళ్లి. ప్రీవెడ్డింగ్ షూటింగుకు గోవా వెళ్లడానికి తీరిక దొరికినవాళ్లకు కూర్చుని ఓ సాయంత్రం మాట్లాడుకోవడానికి దొరకదు. పెళ్లయ్యాక ఎక్కడ ఉంటాం? ఇద్దరం ఉద్యోగం చేస్తే వంట ఎవరిది? నీకు అప్పులున్నాయా? మా అమ్మానాన్నలకు నెలనెలా డబ్బు పంపితే నీకు అభ్యంతరమా? పిల్లలు ఎప్పుడు? అసలు కావాలా? అసలు కాపురమంతా ఈ ప్రశ్నల మీదే నడుస్తుంది. పెళ్లికి ముందు అడిగితే "అప్పుడే ఇవన్నీ ఏమిటి" అంటారు. పెళ్లయ్యాక అడిగితే గొడవ.

వంద అబద్ధాలాడైనా ఒక పెళ్లి చెయ్యమన్నారు పెద్దలు. ఆ సామెత మీద నడిచే సంబంధాలు ఇవాళ నిలవడం లేదు. లేని ఉద్యోగం ఉందని, మందులు వాడుతున్న జబ్బు లేదని, ఇంకొకరిని ఇష్టపడ్డ పిల్లకు ఇష్టమేనని చెప్పి పెళ్లి చేస్తే, పూర్వం అది బయటపడినా ఆ పిల్ల నోరు మూసుకుని పడి ఉండేది. ఇవాళ ముఖ్యమైన విషయం దాచి మోసంతో ఒప్పించిన పెళ్లిని రద్దు చేయమని హిందూ వివాహ చట్టం 12వ సెక్షన్ కింద నేరుగా అడగొచ్చు. పెద్దలు పుణ్యమనుకుని ఆడిన అబద్ధం కోర్టులో మోసం కింద తేలుతోంది.

రెండు జీతాలు, ఒకే వంటగది

కొండాపూర్‌లోనో, మధురవాడలోనో ఓ రెండు పడగ్గదుల ఫ్లాటు అనుకోండి. ఇద్దరూ సాఫ్ట్‌వేర్. ఇద్దరికీ రాత్రి పదింటికి అమెరికా వాళ్లతో కాల్. ఏడింటికి ఇద్దరూ అలసిపోయి ఇంటికి చేరతారు. అతను షూ విప్పి సోఫాలో కూర్చుని ఫోన్ తీస్తాడు. ఆమె బ్యాగు పక్కన పడేసి కుక్కర్ తీస్తుంది. పొద్దున నానబెట్టిన పప్పు రుబ్బాలి, రేపటికి కూర తరగాలి, పనిమనిషి రానంటే గిన్నెలు తోమాలి. అతను చెడ్డవాడేం కాదు. "ఏమైనా హెల్ప్ కావాలా?" అని అడుగుతాడు కూడా. ఆమె కోపమంతా ఆ అడగడం మీదే. తన ఇంటి పనిలో తాను సాయం చేయడమేమిటి? ఆ ఒక్క సాయంత్రానికి ఎవరూ విడాకులు తీసుకోరు. మూడేళ్ల సాయంత్రాలు పోగైతే తీసుకుంటారు.

ఇది ఒక్క ఇంటి గొడవ కాదు. కేంద్రప్రభుత్వం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో ఇంటిపని చేసే ఆడవాళ్లు రోజుకు సగటున 299 నిమిషాలు దానికే పెడుతుంటే, అసలు ఇంటిపని చేసే మగవాళ్లు పెడుతున్నది 97 నిమిషాలు. ఆమె జీతం ఇంట్లోకి వచ్చింది, అతను వంటగదిలోకి రాలేదు.

ఆ జీతమే మరో మార్పు తెచ్చింది. ఆస్తి హక్కు దానికి తోడైంది. అప్పటికి పెళ్లికాని ఆడపిల్లలకు ఉమ్మడి ఆస్తిలో సమాన వాటా ఇస్తూ ఎన్టీఆర్ ప్రభుత్వం 1986లో చట్టం తెస్తే, దేశమంతటికీ ఆ హక్కు 2005లో వచ్చింది. చదువు, ఉద్యోగం, వాటా ఉన్న అమ్మాయికి బయటికి వస్తే తిండి ఎలా అన్న భయం తగ్గింది. "ఆడపిల్లల్ని చదివించి చెడగొట్టాం" అనేవాళ్లున్నారు. చదువు వల్ల పెళ్లిళ్లు విరగలేదు. విరిగిపోయిన పెళ్లిలో ఉండిపోవాల్సిన అవసరం తప్పింది.

కొట్టడం తప్పు కాదా?

మొగుడు కొట్టినందుకు కాదు, తోటికోడలు నవ్వినందుకు ఏడ్చిందట. ఆ సామెత చెప్పి మనం తరాలుగా నవ్వుకుంటున్నాం. కొట్టడం అందులో మామూలు సంగతి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో, ఫలానా సందర్భాల్లో భర్త భార్యను కొట్టడం సబబేనా అని అడిగితే, ఏదో ఒక కారణానికి సబబేనన్న ఆడవాళ్లు తెలంగాణలో 83.8 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 83.6 శాతం. దేశంలో అందరికంటే ముందున్నది మనమే. అదే సర్వేలో భర్త హింసను తామే అనుభవించామన్నవాళ్లు తెలంగాణలో 36.9 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 30 శాతం.

ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి చూస్తే నాకు భయమేస్తుంది. దెబ్బలు తింటున్న వాళ్లకంటే, దెబ్బ న్యాయమే అనుకుంటున్నవాళ్లు రెట్టింపుకు మించి ఉన్నారు. అలాంటి సమాజంలో విడాకులు తక్కువగా ఉంటే అది కాపురాల గట్టిదనం కాదు. ఆ ఎనభైమూడు శాతం తగ్గినకొద్దీ కోర్టుకొచ్చే అర్జీలు పెరుగుతాయి. పెరగాలి కూడా.

మగవాళ్ల బాధలు లేవని కాదు. భార్య పెట్టే మానసిక హింస, పిల్లల్ని చూడనివ్వకపోవడం, విడాకుల బేరం కోసం ఇంటిల్లిపాది మీదా పెట్టే కేసులు నిజమే. అందుకే భార్యను వేధించారని పెట్టే 498ఏ కేసుల్లో ఫిర్యాదు రాగానే అరెస్టు చేయకూడదని సుప్రీంకోర్టు 2014లో ఆదేశించింది. తప్పుడు కేసు ఎంత అన్యాయమో, ఆ పేరు చెప్పి నిజమైన బాధితురాలిని అనుమానించడమూ అంతే అన్యాయం.

ఇక ఉమ్మడి కుటుంబం. అది పోయింది, దాని పెత్తనం ఫోన్లోకి వచ్చింది. పూర్వం మొగుడూ పెళ్లాం మాట్లాడుకోకపోతే సర్దిచెప్పడానికి ఒక బాబాయో, పిన్నో ఇంట్లోనే ఉండేవాళ్లు. ఇప్పుడు ఇంట్లో ఇద్దరే. గొడవ రాగానే ఆమె వాళ్లమ్మకు, అతను వాళ్లమ్మకు వీడియో కాల్ చేస్తారు. రెండువైపులా విన్న మనిషి ఎవరూ లేరు. పొద్దున పప్పులో ఉప్పు ఎక్కువైన గొడవ రాత్రికి రెండు ఊళ్ల గొడవ అవుతుంది.

సముద్రం అవతల

1975లో తిరుపతిలో పెళ్లైన ఒక తెలుగు జంట మూడేళ్లకే విడిపోయింది. భర్త అమెరికాలోని మిస్సోరీ రాష్ట్ర కోర్టు నుంచి విడాకులు తెచ్చుకుని, ఇక్కడికొచ్చి యాదగిరిగుట్టలో మరో పెళ్లి చేసుకున్నాడు. మొదటి భార్య వదల్లేదు. ఆ కేసులో 1991లో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పు ఇప్పటికీ ప్రవాస భారతీయుల పెళ్లిళ్లకు కొలమానం. ఇక్కడి చట్టం ప్రకారం పెళ్లి చేసుకుని, ఇక్కడి చట్టంలో లేని కారణం మీద, భార్య ఒప్పుకోని విదేశీ కోర్టులో తెచ్చుకున్న విడాకులు ఇక్కడ చెల్లవని అది తేల్చింది. డిపెండెంట్ వీసా మీద వెళ్లి, ఉద్యోగం చేసే వీలు లేక, నా అన్నవాళ్లు లేక, నాలుగు గోడల మధ్య మిగిలిపోయే మన ఆడపిల్లలకు ఆ తీర్పు పెద్ద అండ.

ఆ అమెరికా అనుభవమే ఇంకో పాఠం కూడా చెబుతోంది. ఎవరి తప్పూ నిరూపించనక్కర్లేని విడాకుల చట్టాన్ని 1969లో కాలిఫోర్నియా మొదట తెచ్చింది. దేశమంతటా విడాకులు పెరిగి 1981లో ప్రతి వెయ్యిమంది జనాభాకు 5.3కు చేరాయి. ఆ తర్వాత తగ్గుతూ వచ్చి 2022 నాటికి 2.4కు దిగాయి. పెళ్లిళ్లే తగ్గడం కొంత కారణం. ఆలస్యంగా, ఆలోచించి చేసుకుంటున్న పెళ్లిళ్లు నిలవడం మరికొంత. దారి తెరిచిన రాష్ట్రాల్లో ఆడవాళ్ల ఆత్మహత్యలు, ఇంట్లో హింస తగ్గాయని ఆర్థికవేత్తలు స్టీవెన్‌సన్, వోల్ఫర్స్ 2006లో చూపించారు. బయటికి వెళ్లే హక్కు ఉందని తెలిస్తే లోపల ఉన్నవాళ్లూ ఒకరితో ఒకరు జాగ్రత్తగా ఉంటారు.

చట్టం ఏం చెబుతోంది?

• హిందూ వివాహ చట్టం కింద పెళ్లైన ఏడాదిలోపు విడాకులు అడగడానికి మామూలుగా వీల్లేదు.
• అదే చట్టం కింద పరస్పర అంగీకారానికి ఏడాది విడిగా ఉండాలి. మొదటి అర్జీ తర్వాత ఆరు నెలలు ఆగాలి. రాజీకి ఆశ లేనప్పుడు ఆ ఆరు నెలలను కోర్టు మినహాయించవచ్చని సుప్రీంకోర్టు 2017లో చెప్పింది.
• క్రైస్తవులకు పరస్పర అంగీకార విడాకులు 2001 సవరణతో వచ్చాయి. ముస్లిం మహిళలకు కోర్టు ద్వారా విడాకులు అడిగే చట్టం 1939 నుంచీ ఉంది. ఒకేసారి మూడుసార్లు చెప్పే తలాఖ్ 2019 చట్టం ప్రకారం నేరం.
• భరణం కేసుల్లో ఇద్దరూ తమ ఆస్తులు, అప్పులు, ఆదాయాలు ప్రమాణపత్రంలో చెప్పి తీరాలని 2020లో సుప్రీంకోర్టు ఆదేశించింది.

బురద చల్లందే బయటికి రాలేరా?

మన చట్టంలో ఇప్పటికీ పెద్ద లోపం ఒకటుంది. ఒకరు ఒప్పుకోకపోతే రెండోవాళ్లు చాలావరకు ఎదుటివారి తప్పు నిరూపించాల్సిందే. కలిసి బతకలేకపోతున్నాం అంటే చాలదు. అందుకని నిన్నటిదాకా ఒక కంచంలో తిన్న మనుషులు ఒకరి మీద ఒకరు రాయకూడనివన్నీ రాయించుకుంటారు. పడగ్గది మాటలు, వాట్సాప్ సందేశాలు, పిచ్చిదనీ తాగుబోతనీ ఆరోపణలు. కేసు ఏళ్లు నడుస్తుంది. పాతికేళ్ల మనిషికి తీర్పు వచ్చేసరికి ముప్పై దాటిపోతాయి.

తిరిగి బాగుపడని పెళ్లిని ఆ కారణంతోనే రద్దు చేయాలని లా కమిషన్ 1978లో చెప్పింది, 2009లో మళ్లీ చెప్పింది. 2013లో రాజ్యసభ బిల్లు ఆమోదించినా అది చట్టం కాలేదు. 2023 మే 1న రాజ్యాంగ ధర్మాసనం ఆ కారణంతో విడాకులిచ్చే అధికారం 142వ అధికరణం కింద సుప్రీంకోర్టుకు ఉందని తేల్చింది. మరి ఢిల్లీ దాకా వెళ్లలేని కడప అమ్మాయి, ఆదిలాబాద్ అబ్బాయి ఏం చేయాలి? భార్య ఆస్తికి, భరణానికి గట్టి రక్షణ పెట్టి, ఈ అధికారాన్ని జిల్లాలోని కుటుంబ కోర్టుకే ఇవ్వాలి. ఇష్టంలేని కాపురానికి పంపడం మనిషి గౌరవాన్ని కించపరచడమేనని, విడిగా ఉంటున్న భార్యనో భర్తనో కాపురానికి రమ్మని కోర్టు ఆదేశించే వీలిచ్చే హిందూ వివాహ చట్టం 9వ సెక్షన్‌ను జస్టిస్ పి.ఎ.చౌదరి ఆంధ్రప్రదేశ్ హైకోర్టులో 1983లోనే కొట్టేశారు. మరుసటి ఏడాది ఇంకో కేసులో సుప్రీంకోర్టు ఆ సెక్షన్‌ను నిలబెట్టింది. ఆ హైకోర్టు తీర్పు చెప్పిన మాటకు ఇప్పటికైనా చోటివ్వాలి.

చేయాల్సింది మన ఇళ్లలోనే

కోర్టుల్లో చూడలేనిది ఒక్కటే, పిల్లలు. తండ్రిని కలవడానికి కోర్టుకు తెచ్చిన నాలుగేళ్ల పిల్లాడు బొమ్మకారు చేతికి అందగానే పరుగెత్తబోయి, వెనక్కి తిరిగి అమ్మ మొహం చూస్తాడు. వెళ్లొచ్చా అని. ఆ పిల్లాడిని గాయపరిచేది విడాకుల కాగితం కాదు, నాన్న దగ్గరికి వెళ్లడానికి అమ్మ మొహం చూడాల్సి రావడం. విడిపోయే తల్లిదండ్రులు పిల్లల ముందు ఒకరినొకరు తిట్టుకోకుండా ఉండగలిగితే సగం మేలు చేసినట్టే. రోజూ అరుపులున్న ఇంట్లో పిల్లల కోసమే కలిసి ఉంటున్నామని చెప్పడం ఆ పిల్లల మీద భారం మోపడమే.

విడాకులు మంచివని నేననడం లేదు. ఏ ఇద్దరూ విడిపోవాలని పెళ్లి చేసుకోరు. చిన్నచిన్న గొడవలకు, అహాలకు, కౌన్సెలర్ దగ్గర రెండు గంటలు కూర్చుంటే తీరే మనస్పర్థలకు పోతున్న కాపురాలూ ఉన్నాయి. వాటిని నిలబెట్టుకోవాలి. కానీ కాపురాలు నిలబడాలంటే భయపెట్టి లాభం లేదు. కొడుకుకు అన్నం వండుకోవడం, తప్పయింది అని ఒప్పుకోవడం నేర్పాలి. కూతురికి "కాపురం అన్నాక సర్దుకుపోవాలమ్మా" అని చెప్పే తండ్రి, "నీ మీద చెయ్యి పడ్డ రోజు ఇంటికొచ్చెయ్" అని కూడా చెప్పాలి. సంబంధం చూసేటప్పుడు జీతం కాగితం అడిగినట్టే అప్పుల సంగతి, ఆరోగ్యం సంగతి అడగాలి, దాచకుండా చెప్పాలి. అమ్మాయీ అబ్బాయీ నాలుగైదుసార్లు కలిసి మాట్లాడుకునే వీలివ్వాలి. వద్దనుకుంటే నిశ్చితార్థం తర్వాతైనా వద్దనే స్వేచ్ఛ ఇవ్వాలి. విడాకులైన అమ్మాయిని పేరంటానికి పిలవాలి. మగవాడికి వచ్చినంత సులువుగా ఆమెకూ రెండో సంబంధం రావాలి.

ఇవేవీ చేయకుండా కోర్టుల్లో అర్జీలు తగ్గాలని కోరుకుంటే, మనం కోరుతున్నది కాపురాల సుఖం కాదు, ఆడవాళ్ల మౌనం. ఆ మౌనం మీద కట్టిన కాపురాలు మన అమ్మమ్మలతోనే పోవాలి. ఇకమీదట ఎవరైనా కలిసి ఉంటే, ఉండక తప్పక కాకుండా ఉండాలనిపించి ఉండాలి. దానికి తగ్గట్టు పిల్లల్ని పెంచడం, పెళ్లిళ్లు చేయడం మన చేతుల్లో పని.